స్క్వాడ్ పోటీలో బూతులు, తగాదాలు లేకుండా ఆడించాలంటే ఏ నియమాలు పెట్టాలి?

కావలి_స్క్వాడ్

సంక్రాంతి సెలవుల్లో కావలి చుట్టుపక్కల ఊళ్ల పిలకాయలతో బీజీఎంఐ (ఫోన్‌లో టీములుగా ఆడే తుపాకుల ఆట) కస్టమ్ రూమ్ పోటీ పెడుతుండాం, అంటే మన టీములకి మాత్రమే తెరిచే మ్యాచ్. 16 టీములు, టీముకు నలుగురు. ఎనిమిది టీములు కల్యాణ మండపంలో కూర్చుని ఆడతాయి, మిగతా ఎనిమిది వాళ్ల వాళ్ల ఊళ్లనుంచే. వయసులు 16 నుంచి 22 దాకా ఉండాయి. ఒకటి ఆడపిల్లల టీము.

రూమ్ వేయడం, లెక్కలు కట్టడం వరకు ఇబ్బంది లేదు. పాయింట్లు అందరూ వాడేవే: మొదటి స్థానానికి 10, తర్వాత వరసగా 6, 5, 4, 3, 2, ఏడు ఎనిమిది స్థానాలకు ఒక్కోటి, కిల్‌కి 1. భయమల్లా నోళ్ల గురించే. మైక్ ఆన్ చేస్తే బూతులు. లూట్ (ఆటలో దొరికే సామాను) ఎత్తుకుపోయాడనీ, కావాలనే నెట్ తీసేశాడనీ, పక్క టీముతో కుమ్మక్కయ్యాడనీ గొడవలు. మండపంలో అయితే చేతుల దాకా పోతుందేమోనని పెద్దోళ్లు వెనకాడుతుండారు.

'అందరూ మర్యాదగా ఆడాలి' అని గోడకి రాసి అంటిస్తే ఎవురూ చదవరు. ఏది తప్పు, ఎంత శిక్ష, ఎట్టా రుజువు చేయాలి అన్నది రెఫరీ చేతిలో కాగితంగా ఉండాలి. ఇంకోటి, టీముకి 200 ఎంట్రీ ఫీజు తీసుకుని ఆ డబ్బుతోనే ప్రైజు ఇద్దామనుకుంటుండాం. దాంతో ఏమన్నా ఇబ్బందా?

---

ఒంగోలు_గిత్త

తమ్ముడూ, బూతుకి శిక్ష రాసేముందు అది ఎక్కడ పుడుతుందో చూడు. సొంత టీములో వచ్చే తిట్లు చాలావరకు కబురు సరిగ్గా అందక వచ్చేవే. ఒకడు "అక్కడ, అక్కడ, రేయ్ అక్కడున్నాడు చూడరా" అని కేకలేస్తాడు. మిగతా ముగ్గురికీ ఏ దిక్కో తెలియదు. ఈలోపు ఒకడు నాక్ అవుతాడు, అంటే దెబ్బతిని కింద పడతాడు. "చెప్పాను కదా" అని వాడు, "ఏం చెప్పావురా" అని వీడు. ఇక మొదలు.

అందుకే కెప్టెన్ల మీటింగులో కాల్ ఇచ్చే పద్ధతి ఒకటి అందరికీ చెప్పండి. ముందు దిక్సూచి అంకె, తర్వాత కంటికి కనపడే గుర్తు, తర్వాత ఎంతమంది, చివర వాళ్ల పరిస్థితి. "240, రెండంతస్తుల ఇల్లు, పై కిటికీ, ఒకడు, హెల్మెట్ పగిలింది." అయిపోయింది. పైన తెరమీద అంకె కనపడుతూనే ఉంటుంది, దాన్ని చదవడమే.

ఇందులో చాలామంది పప్పులో కాలేసే చోటు ఒకటుంది. ఆ అంకె చెప్పేవాడు నిలబడ్డ చోటునుంచి లెక్క. నలుగురూ ఒకే గోడ వెనక ఉంటే అందరికీ సరిపోతుంది. ఒకడు వంద మీటర్ల అవతల కొండమీద ఉంటే వాడికి 240లో ఏమీ ఉండదు, మీరు అబద్ధం చెప్పారనుకుంటాడు. విడిపోయి ఉన్నప్పుడు అంకె కాదు, మార్కర్ పెట్టాలి. మార్క్ మ్యాప్‌లో అందరికీ ఒకే చోట పడుతుంది.

చనిపోయినవాడి నోరు ఇంకో పెద్ద సమస్య. వాడు చెప్పాల్సింది ఒక్క ముక్క: ఎక్కడినుంచి కొట్టారు, ఏ గన్ను, ఎంతమంది. ఆపైన మైక్ ఆఫ్. మిగిలినవాడు అడుగుల చప్పుడు విని ఆడాలి. చెక్క నేలమీద నడుస్తున్నాడా, మెట్లెక్కుతున్నాడా అని వినే సమయంలో పైనుంచి ముగ్గురు "లెఫ్ట్ పోరా, హీల్ చేసుకోరా, స్మోక్ వేయరా" అంటుంటే ఆ చప్పుడు వినపడదు. వాడు చస్తే మళ్లీ వాణ్నే తిడతారు. ఇది అన్యాయం. ఒక్కడే మిగిలినప్పుడు వాడు అడిగితేనే మాట్లాడాలని టీములు ముందే అనుకుంటే సగం గొడవలు తగ్గుతాయి.

లూట్ సంగతి. 5.56 గన్ను పట్టుకున్నవాడు బ్యాగులో 7.62 గుళ్లు మోయకూడదు, ఏకేఎం (7.62 గుళ్ల గన్ను) ఉన్నవాడికి పడేయాలి. ఫస్ట్ ఎయిడ్ ఆరోగ్యాన్ని 75 దాకానే నింపుతుంది, ఆపైన పెరగాలంటే డ్రింక్, పెయిన్‌కిల్లర్ కావాలి. ఒకడి దగ్గర ఆరు ఫస్ట్ ఎయిడ్‌లు, ఇంకొకడి దగ్గర రెండు బ్యాండేజీలు ఉంటే ఆ టీము మూడో జోన్ (సురక్షిత వలయం కుంచించుకునే మూడో దశ) దాటదు. పెద్ద స్కోప్ దూరం కొట్టేవాడికి. అయితే ఇవన్నీ టీము లోపలి పద్ధతులు. రెఫరీ వీటిలో వేలు పెట్టకూడదు. కావాలని సొంతవాడిమీద గ్రెనేడ్ వేసినా, బండితో గుద్దినా అప్పుడే రెఫరీ దిగాలి.

---

దర్గామిట్ట_రెఫరీ

గిత్త అన్న చెప్పింది టీము లోపలికి. నేను కాగితం సంగతి చెప్తాను.

మొదట రాయాల్సింది తప్పులు కానివాటి జాబితా. ఇది లేకపోతే రెఫరీకి ఫిర్యాదుల మోత ఆగదు. నాక్ అయిన శత్రువుని పూర్తిగా చంపడం తప్పు కాదు. గడ్డిలో పడుకుని కాపు కాయడం తప్పు కాదు. బ్రిడ్జి మీద ఆపి కొట్టడం, ఇద్దరు కొట్టుకుంటుంటే మూడోవాడు వచ్చి ఇద్దర్నీ లేపేయడం, రివైవ్ చేస్తున్నవాడిమీద (పడిపోయినవాణ్ని లేపుతున్నవాడిమీద) గ్రెనేడ్ వేయడం, ఇవేవీ తప్పులు కావు. ఆటలో ఉన్న ఆయుధాలే, ఆటలో ఉన్న దారులే. కఠినంగా ఆడటం వేరు, మనిషిని కించపరచడం వేరు. చంపినాక క్రేట్ (చచ్చినవాడి సామాను పెట్టె) పక్కన ఒక ఎమోట్ (ఆటలోని గంతులు, సైగలు) వేస్తే వదిలేయండి. అదే ఆటగాణ్ని వెతుక్కుంటూ మండపంలో వాడి కుర్చీ దగ్గరికి వచ్చి ఎగతాళి చేస్తే అది తప్పు.

తప్పులు రెండు రకాలుగా విడదీయండి. ఓడిపోయిన కోపంలో గాలిలోకి వచ్చే బూతుకి మొదటిసారి హెచ్చరిక, రెండోసారి టీముకి 2 పాయింట్ల కోత, మూడోసారి వాడు తర్వాతి మ్యాచ్ ఆడడు, టీము ముగ్గురితో ఆడుతుంది. కోత టీముకి వేయాలి, మనిషికి కాదు. అప్పుడు పక్కనోడే "నోరు ముయ్యరా, పాయింట్లు పోతాయి" అంటాడు. రెఫరీ వందసార్లు చెప్పినదానికంటే ఆ మాట ఎక్కువ పనిచేస్తుంది.

రెండో రకం కులం పేరుతో, తల్లిని చెల్లిని లాగి, ఆడపిల్లల గురించి, ఒంటి రంగు గురించి, ఊరిపేరు పెట్టి తిట్టడం. దీనికి హెచ్చరిక లేదు. ఆ క్షణంలోనే పోటీనుంచి బయటికి. మీ కాగితంలో ఈ వాక్యాన్ని లావు అక్షరాల్లో రాసి, కెప్టెన్ల సంతకం దాని కిందే తీసుకోండి. చేతుల దాకా పోయే గొడవలు పుట్టేది ఈ మాటలనుంచే, లూట్ నుంచి కాదు.

కుమ్మక్కు ఆట, మీ పిలకాయల భాషలో టీమింగ్, రుజువు చేయడం కష్టం. అందుకే ముందే కొలత రాయండి: రెండు టీములు ఒకదానికొకటి స్పష్టంగా కనపడే దూరంలో ఉండి, అడ్డం ఏమీ లేకుండా, కాల్చుకోకుండా కలిసి కదిలితే టీమింగ్. ఒకరి కిల్‌లు ఇంకొకరు కావాలని వదిలిపెట్టడం కూడా అంతే. రూమ్‌లో అబ్జర్వర్‌గా ఒకరిని కూర్చోబెట్టి వాళ్ల తెరని రికార్డ్ చేయండి. అబ్జర్వర్ ఫోన్ మండపంలో ఆడేవాళ్లకి దూరంగా, వేరే గదిలో ఉండాలి. వీలైతే ఆడుతున్న ఏ టీముకీ చుట్టం కాని మనిషిని పెట్టండి.

ఫిర్యాదు కెప్టెన్ ఒక్కడే చేయాలి, మ్యాచ్ అయిన పది నిమిషాల్లో, వీడియోనో స్క్రీన్‌షాటో పెట్టి. వాట్సాప్ గ్రూపులో అడ్మిన్‌లు మాత్రమే రాసేట్టు సెట్టింగ్ మార్చండి. గ్రూపు తెరిచి ఉంచితే ఒక్క మ్యాచ్ గొడవ మూడొందల మెసేజ్‌లవుతుంది, అసలు ఫిర్యాదు వాటి కింద పడిపోతుంది. తీర్పు చెప్పేదాకా తర్వాతి రూమ్ ఐడీ, పాస్‌వర్డ్ ఇవ్వకండి. ఒకసారి తర్వాతి మ్యాచ్ మొదలైతే ఇక వెనక్కి పోయి మార్చడం ఉండదని కూడా రాసి పెట్టండి.

---

ఫైబర్_బాబాయ్ (ఒంగోలు)

'కావాలనే నెట్ తీసేశాడు' అన్న మాట ఎక్కువగా వినపడేది నిజంగా నెట్ పోయినప్పుడే. దీన్ని ముందే సర్దుకుంటే ఒక గొడవ మొత్తం ఉండదు.

మండపంలో 32 ఫోన్లు ఒకే ఇంటి రౌటర్ మీద వేయొద్దు. ఈ ఆట తినే డేటా తక్కువే, 100 ఎంబీపీఎస్ కనెక్షన్ చాలు. ఇబ్బంది స్పీడుతో కాదు, ఒకే రౌటర్ గాలిలో అన్ని ఫోన్లూ వంతులు వేసుకోవడంతో. ఫోన్లు పెరిగేకొద్దీ పింగ్ (సర్వర్‌నుంచి జవాబు రావడానికి పట్టే మిల్లీసెకన్లు) ఉండుండి 40 నుంచి 300కి ఎగురుతుంది. ఆ ఒక్క సెకనులో చచ్చినవాడు ఎదుటివాణ్ని 'హ్యాకర్' అంటాడు. రెండు మూడు యాక్సెస్ పాయింట్లు వేరు వేరు మూలల్లో, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మీద, వేరు వేరు ఛానళ్లలో పెట్టండి. 2.4 బ్యాండ్ ఆడేవాళ్లకి ఇవ్వకండి. చూడటానికి వచ్చినవాళ్లకి వైఫై పాస్‌వర్డ్ అసలే ఇవ్వకండి, ఒకడు రీల్స్ చూస్తే చాలు. సగం టీముల్ని సొంత సిమ్ డేటా మీద ఆడించడం ఇంకా మేలు, కాకపోతే మండపం లోపల సిగ్నల్ ఎట్టా ఉందో ముందు రోజు చూసుకోండి.

కరెంటు పోతుంది. రౌటర్‌కి 12 వోల్టుల మినీ యూపీఎస్ వస్తుంది, చిన్న డబ్బా అంతే. ఓఎన్‌టీ బాక్సుకీ (ఫైబర్ వచ్చి చేరే డబ్బా) రౌటర్‌కీ రెండింటికీ ఇవ్వాలి. చాలామంది రౌటర్‌కి మాత్రమే ఇచ్చి, ఫైబర్ బాక్సు ఆరిపోతే నెట్ ఎందుకు పోయిందో తెలియక తిట్టుకుంటారు.

ఫోన్‌లో కాల్స్ ఆపాలి. మ్యాచ్ మధ్యలో ఫోన్ మోగితే మైక్ కాల్‌కి పోతుంది, టీముకి వీడి మాట వినపడదు. డు నాట్ డిస్టర్బ్ పెట్టండి. వాట్సాప్ కాల్స్ కూడా ఆగాయో లేదో చూడండి.

బ్లూటూత్ ఇయర్‌బడ్స్ గురించి ఒక మాట. మైక్ ఆఫ్‌లో ఉంటే శబ్దం స్టీరియోలో బాగుంటుంది. ఆటలో మైక్ ఆన్ చేయగానే చాలా ఫోన్లలో అది ఫోన్ కాల్ మోడ్‌కి మారుతుంది, శబ్దం మోనో అయిపోయి గొంతులు బొంగురుపోతాయి. అడుగులు ఎడమనుంచా కుడినుంచా తెలియదు. ఆలస్యం కూడా పెరుగుతుంది. అప్పుడు 'ఎడమ అన్నాను కదరా' అని తగాదా. వైర్ ఇయర్‌ఫోన్ తప్పనిసరి అని రాయండి. టైప్ సీ పోర్టు మాత్రమే ఉన్న ఫోన్లకి కన్వర్టర్లు నాలుగు మండపంలో పెట్టుకోండి.

నియమం ఇట్టా రాయొచ్చు. ఒక్కడికి నెట్ పోతే మ్యాచ్ ఆగదు. యాప్ మూసి తెరిస్తే మనిషి బతికున్నంతవరకు మళ్లీ లోపలికి పోవచ్చు, అది వాడి బాధ్యత. మొదటి జోన్ మూసుకోకముందే మండపం మొత్తానికి నెట్ పోతే మ్యాచ్ రద్దు, మళ్లీ వేయాలి. ఆ తర్వాత పోతే ఉన్న పాయింట్లే పాయింట్లు. ఈ గీత ఎక్కడ గీయాలన్నది మీ ఇష్టం, కానీ మ్యాచ్ మొదలవకముందే గీయాలి.

---

మైక్_ఆన్_అమ్మాయి

ఆడపిల్లల టీము గురించి ఎవరూ రాయలేదు కాబట్టి చెప్తున్నాను.

మీ పోటీలో వాళ్లకి ఎదురయ్యే ఇబ్బంది ఎదుటి టీముల బూతులు ఒక్కటే కాదు. "అమ్మాయా? ఏ ఊరు? ఇన్‌స్టా ఐడీ ఇవ్వు" అన్నది కూడా వేధింపే. ఎంత మెత్తగా అడిగినా సరే. దాన్ని కూడా రెండో రకం తప్పుల్లోనే వేయండి. ఆటగాళ్ల జాబితా గ్రూపులో పెట్టేటప్పుడు ఆటలోని పేరు, ఐడీ అంకె మాత్రమే పెట్టండి, అసలు పేర్లూ ఫోన్ నంబర్లూ వద్దు. వాట్సాప్ గ్రూపులో చేరితే నంబర్ అందరికీ కనపడుతుంది. కెప్టెన్లతో వాట్సాప్ కమ్యూనిటీలో ప్రకటనల గ్రూపు పెడితే సభ్యుల నంబర్లు ఒకరికొకరికి కనపడవు.

వాయిస్ ఛానల్ 'టీమ్'లో ఉండాలి, 'ఆల్'లో కాదు. మ్యాచ్ మొదట్లో ఎగిరే ముందు ఒక దీవిలో అందరూ దగ్గరగా నిలబడతారు చూడండి, ఎక్కువ పిచ్చి మాటలు అక్కడే వస్తాయి. ఆల్ వాయిస్ వాడకూడదని నియమం పెట్టేస్తే ఆ చోటు నిశ్శబ్దమవుతుంది.

రుజువు దగ్గర ఒక చిక్కుంది. ఆండ్రాయిడ్‌లో తెర రికార్డ్ చేస్తే తుపాకుల శబ్దం పడుతుంది కానీ వాయిస్ చాట్‌లో ఎదుటివాడి గొంతు చాలాసార్లు పడదు. ఆండ్రాయిడ్ 10 నుంచి ఇచ్చిన అంతర్గత శబ్దం రికార్డింగ్ మాట్లాడే కాల్స్ శబ్దాన్ని పట్టుకోనివ్వదు, ఆట వాయిస్ చాట్ తరచుగా ఆ కోవలోకే పోతుంది. అమ్మాయి వీడియో తెస్తే అందులో బూతు వినపడలేదని ఫిర్యాదు కొట్టేస్తే అది మీ తప్పవుతుంది. ఇయర్‌ఫోన్ తీసి స్పీకర్ మీద పెట్టి, ఇంకో ఫోన్‌తో తెరనీ శబ్దాన్నీ కలిపి తీయాలి. అది కుదరకపోతే టీములో మిగతా ముగ్గురి మాట సాక్ష్యంగా తీసుకోవాలి. మ్యాచ్ అయ్యాక ఫలితాల తెరమీద ఆ ఆటగాడి పేరు పక్కన రిపోర్ట్ బటన్ ఉంటుంది, అదీ నొక్కమనండి. మీ కాగితం వేరు, ఆట కంపెనీ చర్య వేరు, రెండూ జరగాలి.

ఆట బయట ఇన్‌స్టాలోనో ఫోన్‌లోనో వెంటపడితే అది రెఫరీ పని కాదు. మెసేజ్‌లు చెరిపేయకుండా స్క్రీన్‌షాట్ తీసి, కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లల విభాగంలో ఫిర్యాదు పెట్టాలి. ఈ దారి మీ కాగితం చివర్న ఒక వరసలో రాయండి. ఆ అమ్మాయిల ఇంట్లో పెద్దోళ్లు మొదట చూసేది ఆ వరసే.

---

పినాకిని_పీసీ

ఒక చిన్న సలహా. శిక్షలు మాత్రమే పెడితే నోళ్లు మూసుకుంటాయి, అంతవరకే. ఓవర్‌వాచ్ అనే ఆటలో 2018లో ఎండార్స్‌మెంట్ పద్ధతి తెచ్చారు, మ్యాచ్ అయ్యాక బాగా కలిసి ఆడినవాళ్లని మిగతావాళ్లు గుర్తించే ఏర్పాటు. డోటా 2లో ప్రతి ఆటగాడికీ ప్రవర్తన స్కోరు ఉంటుంది, మధ్యలో వదిలేసి పోయేవాళ్లని వేరే వరసలో వేసి, కొన్ని మ్యాచ్‌లు గెలిస్తేనే బయటికి వదులుతారు. మీరు అంత పెద్ద ఏర్పాటు చేయలేరు గానీ, ప్రతి మ్యాచ్ తర్వాత ఒక్కో కెప్టెన్ తన టీము కాని ఒక టీము పేరు చీటీ మీద రాసి ఇవ్వాలి, 'వీళ్లతో ఆడటం బాగుంది' అని. చివర్లో పాయింట్లు సమానమైతే ఎక్కువ చీటీలు వచ్చిన టీము పైన. మామూలుగా అట్టాంటప్పుడు కిల్స్ చూస్తారు, ఇక్కడ ముందు చీటీలు చూడండి, తర్వాత కిల్స్. చీటీలు పాయింట్లలో కలపొద్దు, కలిపితే ఓట్ల బేరాలు మొదలవుతాయి.

---

ఫైబర్_బాబాయ్ (ఒంగోలు)

ఎంట్రీ ఫీజు సంగతి ఎవరూ తీసుకోలేదు. ఆ 200 వసూలు చేసి ప్రైజుగా పంచే ఆలోచన మానుకోండి. మన రాష్ట్రం 2020లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బు పందెం ఉన్న ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ప్రకారం, నైపుణ్యం ఆటైనా సరే, డబ్బు కట్టి డబ్బు గెలుచుకునే ఆన్‌లైన్ ఆట కుదరదు. గుర్తింపు పొందిన ఈ-స్పోర్ట్స్‌కి వేరే దారి ఉంది, మండపం పోటీకి ఆ గుర్తింపు ఉండదు. ఫీజు లేకుండా పెట్టి, ఊళ్లో దుకాణాలనుంచి కప్పులు, ఇయర్‌ఫోన్లు, టీషర్టులు అడగండి. డబ్బు లేకపోతే గొడవ కూడా తగ్గుతుంది. అయినా పెట్టాలనుకుంటే ముందు ఒక లాయర్‌కి చూపించండి. ఆట కంపెనీకి కూడా బయటివాళ్లు పెట్టే పోటీలకి సొంత నిబంధనలు ఉంటాయి, వాళ్ల సైటులో చదివాకే పోస్టర్ వేయండి.

18 ఏళ్లలోపు వాళ్లకి ఇంట్లో పెద్దవాళ్ల అనుమతి కాగితం తీసుకోండి. వాళ్లకి ఆటలోనే రోజుకి 3 గంటల పరిమితి ఉంది. ఎరాంగెల్ (ఆటలోని ఒక మ్యాప్) మ్యాచ్ ఒకటి సుమారు అరగంట. నాలుగు మ్యాచ్‌లంటే రెండు గంటలు, సరిపోతుంది. పొద్దున్నే ప్రాక్టీసని రెండు గంటలు ఆడి వచ్చినవాణ్ని మూడో మ్యాచ్ దగ్గర ఆటే బయటికి పంపేస్తుంది, వాడు పారిపోయాడని పక్కవాళ్లు అంటారు. పోటీ రోజు ఉదయం ప్రాక్టీసు వద్దని మైనర్లకి ముందు రోజే చెప్పండి.

---

కావలి_స్క్వాడ్

అందరికీ దండాలు. ఫీజు తీసేస్తుండాం, వైర్ ఇయర్‌ఫోన్ నియమం పెడుతుండాం, చీటీల పద్ధతి కూడా. ఒక్కటే మిగిలింది. రెండు మ్యాచ్‌లు ఓడినాక ఒక టీము మొత్తం లేచిపోతే ఏం చేయాలి? మిగతా టీములు 'వాళ్లని కొట్టే పాయింట్లు మాకు పోయాయి' అంటాయి.

---

దర్గామిట్ట_రెఫరీ

వాళ్ల స్లాట్ ఖాళీగా ఉంచి ఆడించు. కొత్త టీముని మధ్యలో తీసుకోవద్దు. రూమ్ ఐడీ ఇచ్చిన పది నిమిషాల దాకా చూసి మొదలుపెట్టెయ్. ఖాళీ స్లాట్‌తో ఆడితే అందరికీ నష్టం ఒకటే, కాబట్టి పాయింట్లు సర్దాల్సిన పనిలేదు. చెప్పకుండా లేచిపోయిన టీము మీ తర్వాతి పోటీకి పేరు ఇవ్వడానికి వీల్లేదని రాసి పెట్టు. ముందే చెప్పి వెళ్లిన టీముకి ఆ శిక్ష వద్దు. ఇంట్లో పనిబడి, జ్వరం వచ్చి, ఆఖరి బస్సు పోతుందని వెళ్లేవాళ్లు ఉంటారు, వాళ్లని తప్పు పట్టొద్దు. మండపంలో ఆడే పల్లెల టీములకి బస్సు వేళ కనుక్కుని ఆఖరి మ్యాచ్ ఆ లెక్కలో పెట్టు.